రెండు చేతులా అందుకున్న వేరు

ఇది చాలా పెద్ద కథ. మద్రాసు రేవులో రెండు ఓడలెక్కిన కూలీలు, ఒక ఓడ మలయాకి, ఇంకోటి ఫిజీ దీవులకి, నాలుగు తరాల తర్వాత ఆ రెండు వంశాలూ మళ్ళీ ఎదురుపడడం, మధ్యలో ఒక ఘోరమైన శపథం, ఒక తండ్రి, ఒక కూతురు, ఒక చావు, మహాసముద్రం దాటి వచ్చిన ఒక వేరు. చదివేవాళ్ళు కళ్ళు తుడుచుకోవడానికి ఒక తువ్వాలు దగ్గర పెట్టుకుంటే మంచిది.

అంత లేదు. ఆ ఓడల సంగతి మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మహాసముద్రం దాటిన వేరు విమానంలో వచ్చింది, మా బావ తరఫు చుట్టం ఒకాయన పెట్టెలో, అడిగిన కాగితాలన్నీ చూపించాక. ఎదురుపడిన వంశాలంటే మా నాన్న, మా బావ. స్థలం మలేషియాలో బంటింగ్ అనే ఊళ్ళో, వరస ఇళ్ళలో ఒకటైన మా ఇంటి హాలు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి మొదలై పదకొండుకి ముగిసింది. అందులో సగంసేపు ఎవరూ నోరు విప్పలేదు. తువ్వాలు లోపల పెట్టేసుకోవచ్చు.

శపథం మాత్రం నిజం. అది మా నాన్నది.

మా తాత కువాలా సెలంగోర్ దగ్గర ఒక ఎస్టేట్‌లో పనిచేసేవాడు. సాయంత్రం పని దిగగానే ఎస్టేట్ కల్లుకొట్టు తెరిచేవారట. తాత అక్కడికి వెళ్ళేవాడు. ఎవరైనా అడిగితే "మందు కాదురా, సెట్టు నీల్లు" అనేవాడట. ఆ చెట్టు నీళ్ళు ఆయన్ని నలభై రెండో ఏట పొద్దున్నే ఎస్టేట్ కాలువలో దొరికేలా చేశాయి. నాన్నకి అప్పుడు పదకొండేళ్ళు. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. ఎవరికి ముందు దొరికాడో నాన్న ఎప్పుడూ చెప్పలేదు, మేం ఎప్పుడూ అడగలేదు. చెప్పని తీరునుబట్టి మాకు తెలుసు.

ఆ రోజు నుంచి మా నాన్న మత్తు ముట్టలేదు, ముట్టేవాళ్ళతో కూర్చోలేదు. దగ్గు మందు కొనాలంటే సీసా మీద అక్షరాలన్నీ చదివి, దుకాణం వాణ్ణి రెండు ప్రశ్నలు అడిగి, చివరికి అల్లం కషాయం తాగేవాడు. చుట్టాల పెళ్ళి విందులో బల్ల మీదకి సీసాలు రాగానే లేచి, సగం తిన్న చేప వదిలేసి, కారులో కూర్చునేవాడు. అమ్మ ఆ చేపని ప్లాస్టిక్ సంచిలో కట్టి పట్టుకెళ్ళి ఇచ్చేది. శపథాలు చేసినవాళ్ళ వెనక ఎవరో ఒకరు ఇలా సంచులు మోస్తూ ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు.

ఇలాంటి ఇంటికి మా అక్క, క్లాంగ్‌లో తనతో పాటు ఒకే ఆఫీసులో పనిచేసే మనిషిని తీసుకొచ్చింది. ఫిజీ వాడు. ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో ఆయనకి మూడు మాటలు మిగిలాయి: బియ్యం, దీపం, నోర్ముయ్. మిగతాది అక్క నేర్పింది. అందుకని ఆయన తెలుగులో కొంచెం ఎస్టేటు, కొంచెం అక్క కోపం కలిసి ఉంటాయి.

నాన్న ఎదురుగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు. చదువు, జీతం, కులం, ఏవీ అడగలేదు.

"తాగుతావా?"

మా బావలో పెద్ద లోపం ఒకటుంది. అబద్ధం ఆడడు.

"మందు తాగను మామయ్యా. కావా తాగుతాను."

"అదేటి?"

బావ వివరంగా చెప్పాడు. మిరియపు తీగ జాతిలో ఒక మొక్క. దాని వేరు ఎండబెట్టి, దంచి, చల్లనీళ్ళలో పిసికి వడకడతారు. పులియబెట్టరు, కాచరు. తాగితే పెదాలు కాస్త మొద్దుబారతాయి, మనిషి నెమ్మదిస్తాడు. పెళ్ళికీ చావుకీ, మనిషి ఊళ్ళోకి వచ్చినా ఊరు విడిచినా అదే. ఆ దీవుల అసలు మనుషుల ఆచారం అది. కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు.

"రోజూనా?" అన్నాడు నాన్న.

"ఊళ్ళో ఉంటే రోజూ."

"ఎలగ తాగుతారు?"

"చాప మీద, గిన్నె చుట్టూ కూర్చుని. మగాళ్ళందరం."

"ఎంతసేపు?"

బావ ఆలోచించాడు. ఆ ఒక్కచోట ఆలోచించకుండా ఉంటే బాగుండేది. "గిన్నె అయిపోయేదాకా."

నాన్న నవ్వలేదు, కోప్పడలేదు. "మా నాన్న సెట్టు నీల్లని తాగినాడు. నువ్వు ఏరు నీల్లంటన్నావు. సెట్టుకీ ఏరుకీ దూరమెంత బాబూ?" అని, కాఫీ వాసన వస్తున్న వంటింటి వైపు చూసి, "కోపి తెండి. తాగి ఎల్తాడు," అన్నాడు. ఆ "ఎల్తాడు" అన్నది మా ఇంట్లో కుదరదు అనడానికి మర్యాదైన పద్ధతి.

నాలుగు నెలలకి వాళ్ళిద్దరూ రిజిస్ట్రీ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. అక్క ఆ మెట్ల మీద నుంచే నాన్నకి ఫోన్ చేసింది. నాన్న ఫోన్ కట్ చేయలేదు. స్పీకరు లేకుండానే బల్ల మీద బోర్లా పెట్టి, పేపరు విప్పాడు. అక్క పావుగంట మాట్లాడిందట, ఆయన వింటున్నాడనుకుని. ఇటువైపు ఆయన వాన రాకడ వార్త రెండుసార్లు చదివాడు.

ఆ తర్వాత మాటల్లేవు. ఇక్కడ నేను ఖండాల గురించి, ఎడబాటు గురించి బరువైన పేరా ఒకటి రాయాలి. కాని క్లాంగ్‌కి మా వీధి చివర నుంచి బస్సుంది. గంట ప్రయాణం. గంట దూరంలో ఉన్న కూతుర్ని మూడేళ్ళు చూడకపోవడానికి సముద్రం కంటే ఎక్కువే కావాలి. నాన్న దగ్గర అది ఉంది.

ఆ మూడేళ్ళ మధ్యలోనే, రెండేళ్ళు నిండేసరికి అమ్మ పోయింది.

సినిమాల్లోలా చివరి కోరికేమీ చెప్పలేదు. అక్క చేయి తీసుకుని నాన్న చేతిలో పెట్టలేదు. చివరిగా నాతో అన్నది ఫ్యాను రెండులో పెట్టమని. పెట్టాను. ఇప్పటికీ ఆ గదిలో ఫ్యాను మూడుకి తిప్పాలంటే నా వేళ్ళు ఆగిపోతాయి. ఉక్కపోస్తుంది. అయినా సరే.

శవాన్ని హాల్లో పెట్టెలో ఉంచాం. మా వాళ్ళలో ఒక అలవాటుంది: పెట్టెలో కాళ్ళ దగ్గర వట్టివేళ్ళ కట్ట ఒకటి పెడతారు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు "ఎడతారు" అని, పెడతారు కాబట్టి పెడతారన్నట్టు, చెబుతారు. తెలుక్ ఇంటాన్‌లో ఉండే నాన్న అక్క, మా పెద్దత్త, వాళ్ళ సందులోని నాటుమందుల దుకాణం నుంచి ఆ కట్ట తెస్తానని ఫోన్‌లో చెప్పింది. ఆమె వచ్చేసరికి ఇల్లంతా ఏడుపు. వేళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

అక్క, బావ ఇంకాసేపటికి వచ్చారు. అక్క గేటు దగ్గరే ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ రమ్మనలేదు. బావ మాత్రం చెప్పులు విడిచి, వంగి, తల ఎవరికన్నా ఎత్తుగా లేకుండా నడుచుకుంటూ లోపలికొచ్చాడు. ఆరడుగుల మనిషి అలా నడుస్తుంటే ఏదో కింద పడేసుకుని వెతుకుతున్నట్టుంది. చేతుల్లో పాత పేపరులో చుట్టిన కట్ట. ఎండిన వేళ్ళు బయటికి కనబడుతున్నాయి. నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని రెండు చేతులా ఎత్తి, లోగొంతుతో ఏదో చెప్పాడు. ఏడుపుల్లో ఒక్క ముక్క వినబడలేదు.

నాన్న ఆయన ముఖం చూశాడని నేననుకోను. కట్టని చూశాడు. రెండు చేతులా అందుకున్నాడు. ఒక నిమిషం గుండెకి ఆనించుకుని నిలబడి, వెళ్ళి పెట్టెలో అమ్మ పాదాల దగ్గర పెట్టాడు, పక్కలు సర్ది, చీర అంచు దాని మీదకి లాగి.

అప్పుడు మా బావ తల వంచి, అరచేతులు గుల్లగా కలిపి, మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. మెల్లగానే. కాని చావింట్లో చప్పట్లంటే మెల్లగా అన్నది ఉండదు. శవం బండి డ్రైవరు బయట నుంచి తొంగి చూశాడు. నేను కళ్ళు మూసుకుని, ఈ మనిషి కథ ఇక్కడితో సరి అనుకున్నాను. పెట్టె మూశారు. మధ్యాహ్నానికి శ్మశానంలో అమ్మా ఆ కట్టా ఒకే మంటలో కాలిపోయాయి. అక్క గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్ళింది.

ఏడాది గడిచింది. సంవత్సరీకం దగ్గరపడింది.

ఆ రోజు, పోయినవాళ్ళ ఫోటో ముందు ఆకు వేసి, వాళ్ళకి ఇష్టమైనవన్నీ వడ్డిస్తాం. తల్లి ఆకుకి కూతురు వండాలి. కూతురు లేకపోతే కోడలు. నాకింకా పెళ్ళి కాలేదు, ఈ విషయంలో దేశంలో ఎవరూ తొందరపడుతున్న జాడ లేదు. నాన్న కేటరింగ్ వాడికి చెప్పాడు.

ఈ మాట నేను క్లాంగ్‌లో అక్కకి చేరవేశాను. నేను అప్పటికి మూడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య తపాలా ఆఫీసుని, బిళ్ళ అతికించే పని కూడా లేకుండా.

"అమ్మ ఆకుకి కేటరింగా? పాకెట్లో సాంబారా?" అక్క గరిటె పట్టుకునే నా మీదకొచ్చింది.

"మరి నువ్వొచ్చి వండు లా," అన్నాను. మాట చివర ఆ "లా" తగిలించడం మా మలేషియా అలవాటు.

"నాన్న నోటితో రమ్మననీ. ఒక్క మాట. గేటు కాడ నిలబడ్డానికి మళ్ళీ రాను నాను."

నాన్న మాట కూడా నా దగ్గరే ఉంది: వాళ్ళొచ్చి తప్పయింది అంటే చూద్దాం. ఇద్దరూ రెండు వైపులా తలుపు పట్టుకుని, నువ్వు ముందు అంటే నువ్వు ముందు అంటున్నారు. మర్యాద ఎక్కువైపోయి అమ్మకి పాకెట్ సాంబారు తప్పేలా లేదు.

బావ చాప మీద కూర్చుని కావా కలుపుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ ఫ్లాట్‌లో. నాలుగు కాళ్ళున్న చెక్క గిన్నె, గుడ్డలో పొడి కట్టి నీళ్ళలో నెమ్మదిగా పిండుతున్నాడు. బట్టలుతుకుతున్నంత శ్రద్ధగా. నీళ్ళు వానాకాలం కాలువ రంగుకి తిరిగాయి. సగం కొబ్బరి చిప్పలో ముంచి నాకు ఇచ్చాడు. తీసుకునే ముందు ఒక చప్పట, ఆపకుండా తాగాలి, తాగాక మూడు.

తాగాను. రుచి గురించి చెప్పాలంటే, వాన వెలిశాక చెప్పులు కడిగిన నీళ్ళని ఊహించుకోవచ్చు, కొంచెం మిరియంతో. నాలుక మొద్దుబారింది. నేను జోకు వెయ్యబోయాను, అది పెదాల దాకా వచ్చి కూర్చుండిపోయింది. మా నాన్న నన్ను అలా ఒక్కసారి చూసి ఉంటే ఆ వేరుకి గుడి కట్టేవాడు.

"మా ఊళ్ళో మాట సరిగ్గా రానివాడికి ఇదే మాట," అన్నాడు బావ. "తప్పు చేస్తే పోయి క్షమించమని నోటితో అడగం. వేరు పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెడతాం. అతను ముట్టుకుని తీసుకుంటే అయిపోయింది. ఇంక ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. ముట్టకపోతే వేరు తీసుకుని ఇంటికి పోవాలి. మళ్ళీ ఆ సంగతి మీద ఆ గుమ్మం తొక్కకూడదు." చిప్ప నింపి అక్కకిచ్చాడు. తర్వాత మామూలుగా, వాన వస్తుందా అని అడిగినట్టు అడిగాడు:

"మామయ్య నన్ను ఎప్పుడు పిలుస్తాడు తమ్ముడూ? ఏడాదైంది కదా, తీసుకుని."

"ఏటి తీసుకున్నాడు?"

"వేరు. అత్తయ్య పోయిన రోజు. రెండు చేతులా తీసుకున్నాడు. నువ్వూ చూశావు."

నా మొద్దుబారిన నోరు ఆ క్షణంలో మామూలైంది. ఏడాదిగా ఈ మనిషి తనని క్షమించేశారనే నమ్మకంతో కూర్చుని, పిలుపు కోసం చూస్తున్నాడు. క్షమించినవాళ్ళు పిలవకపోవడం వీళ్ళ పద్ధతేమో అనుకుని ఎవరినీ అడగలేదు కూడా. అటు మా నాన్న తాను ఏం ముట్టుకున్నాడో తెలియకుండా ఏడాదిగా కోపంగా ఉన్నాడు.

"బావా, నాన్న దాన్ని వట్టివేళ్ళనుకున్నాడు. పెద్దత్త తెచ్చిందనుకున్నాడు. పెట్టెలో ఎట్టేసినాడు."

బావ చిప్ప కింద పెట్టాడు. "పెట్టెలో పెట్టాడని తెలుసు. అత్తయ్యతో పంపాడు అనుకున్నాను. చాలా పెద్ద మర్యాద చేశాడనుకున్నాను."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పింది. నేను కిటికీలోంచి కింద మోటార్ సైకిళ్ళు లెక్కపెట్టాను. పదిహేడు.

తర్వాత నాకో ఉపాయం తోచింది, నా ఉపాయాలన్నింటిలాగే సులువైనది. "అయితే పని అయిపోయినట్టే లా. నాన్నకి పోయి సెప్తాను. నువ్వు ముట్టుకున్నావు, రూల్ రూలే, నోరు మూసుకుని అక్కని పిలువు అని."

"వద్దు," అన్నాడు బావ. "తెలియక తీసుకున్నది తీసుకున్నట్టు కాదు. మళ్ళీ తీసుకెళ్తాను. తెలిసి తీసుకోవాలి."

"తీసుకోకపోతే?"

బావ గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచాడు. జవాబు అక్క చెప్పింది. "తీసుకోకపోతే ఇంక అంతే. ఈయన మళ్ళీ రాడు. ఈయన రాని ఇంటికి నాను రాను."

ఇంట్లో మిగిలినది ఒకే ఒక్క కట్ట. బావ వాళ్ళమ్మ ఆ చుట్టంతో పంపింది.

సంవత్సరీకానికి ముందు రోజు, శనివారం పొద్దున. పెద్దత్త అప్పటికే తెలుక్ ఇంటాన్ నుంచి వచ్చి, హాల్లో ఉన్న ఒకే ఒక్క మెత్తని కుర్చీని ఆక్రమించింది. వాళ్ళు వస్తున్నారని నాన్నకి నేను ముందే చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. అది ఏ రకం "ఊఁ" అన్నది నాకు తెలియలేదు. ఇస్త్రీ చొక్కా మాత్రం వేసుకున్నాడు.

బావ మళ్ళీ అలాగే వంగి లోపలికొచ్చాడు. అక్క ఈసారి గుమ్మం దాకా వచ్చింది. బావ నేల మీద కూర్చుని, కట్టని నాన్నకి నాలుగడుగుల దూరంలో పెట్టాడు.

"ఏటది? మునక్కాడలా?" అంది పెద్దత్త.

"వేరు పెద్దమ్మా."

"ఏరెందుకురా, కూర కాయ తెస్తే పనికొచ్చును గదా. ఒలే, లోపలికి రాయే, అలగ గుమ్మం మీద నిలబడకు, మంచిది కాదు." రెండోది అక్కకి. అక్క కదల్లేదు.

బావ మొదలుపెట్టాడు. ఎవరి చేతా రాయించుకోలేదు. తెలుగు, ఇంగ్లీషు కలిపి, చూపు నేల మీద పెట్టి. "ఇది చిన్న వస్తువు మామయ్యా. మీ అమ్మాయిని అడగకుండా తీసుకెళ్ళినాను. తప్పు సేసినాను. నాకు సరిగ్గా సెప్పటం రాదు. అందుకని ఇది తెచ్చినాను. మీరు తీసుకుంటే మా తప్పు పోతుంది. తీసుకోకపోతే పట్టుకుని ఎల్లిపోతాం."

నాన్న కట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. గోడగడియారం బ్యాటరీ అయిపోవచ్చి ముల్లు వణుకుతోంది. చాలాసేపయ్యాక అన్నాడు:

"ఇదేనా ఆ తాగేది?"

"ఇదే."

నాన్న చేతులు కదల్లేదు. పదకొండేళ్ళ పిల్లాడు కాలువ గట్టు మీద నిలబడితే అలాగే ఉంటాడనిపించింది నాకు. ఆ పిల్లాణ్ణి వేరు ముట్టుకోమని అడుగుతున్నాం. ఏదో ఒక జోకు వెయ్యాలి, వాతావరణం తేలిక చెయ్యాలి అని నాకు తెలుసు, అది నా ఉద్యోగం. ఒక్కటీ దొరకలేదు.

బావ ఒక నిమిషం ఆగాడు. ఇంకో నిమిషం. తర్వాత కట్ట కోసం చెయ్యి చాపాడు, తీసుకుని లేవడానికి.

"ఇలాటి కట్టేనేటిరా మీ యావిడ పెట్లో ఎట్టినావు?" అంది పెద్దత్త. మాటలో ఏ రహస్యమూ లేదు, పక్కింటి గోడ రంగు గురించి అడిగినట్టే.

నాన్న తల తిప్పాడు. "అది నువ్వు తెచ్చిన వట్టేరు గదా."

"నానెక్కడ తెచ్చినాను? కొన్నాను, బస్సులో మరిసిపోనాను. ఆ ఏడుపులో ఎవలు అడిగినారు, ఎవలికి సెప్పీది?"

నాన్న బావని చూశాడు. ఆ ఏడాదిలో, ఆ మాటకొస్తే ఆ మూడేళ్ళలో, మొదటిసారి ముఖంలోకి చూశాడు.

"నువ్విచ్చినావా?"

"అవును మామయ్యా."

"మరి పెట్లో ఎట్టీసినాను. కాలిపోనాది. ఎందుకు సెప్పలేదు?"

"మీరు రెండు చేతులా తీసుకున్నారు. అత్తయ్యకి ఇచ్చినారు." బావ కాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. "అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు."

నాన్న లేచాడు. లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. మేం నలుగురం ఒకరినొకరు చూసుకున్నాం. లోపల గిన్నెల చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు. ఇది ఏ రకం జవాబో ఏ దీవి ఆచారంలోనూ లేదు. బావ ముఖం చూస్తే తెలిసింది, ఆయన కూడా అదే వెతుకుతున్నాడు.

నాన్న తిరిగొచ్చాడు. ఒక చేతిలో అమ్మ పిండి కలిపే పెద్ద స్టీలు బేసిన్. ఇంకో చేతిలో కోపి వడకట్టే గుడ్డ సంచి, ఇనప చుట్టుకి కుట్టినది, ఏళ్ళ తరబడి కోపితో నల్లబడినది. రెండూ కింద పెట్టాడు. తర్వాత వంగి, వేళ్ళ కట్టని రెండు చేతులా ఎత్తాడు. తెలిసి.

"వడకట్టడానికి ఈ సంచి సరిపోతాదా?"

బావ కట్ట వైపు చూసి, సంచి వైపు చూశాడు. "ముందు దంచాలి లా," అన్నాను నేను, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి. చాప పరిచి, మా రోట్లో దంచాం. వంతులవారీగా. పొడి సంచిలో పోసి, బేసిన్ నీళ్ళలో బావ పిసికాడు. కోపి సంచి కావడం వల్ల ఆ కావా కొంచెం కోపి వాసన వేసింది, దాని రుచి బాగుపడిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

చిప్పలకి మా వంటింట్లో కొబ్బరి చిప్పలే దొరికాయి. మొదటి చిప్ప పెద్దవాడికి. బావ నింపి, రెండు చేతులా నాన్న ముందుకి చాపాడు. నాన్న దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "తీసుకున్నాను. తాగను. అది మాత్రం నన్ను అడక్కు బాబూ."

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ చిప్పని పెద్దత్త చేతికిచ్చాడు. ఇంకో చిప్ప తీసుకుని, ఫ్లాస్కులో పొద్దుటి కోపి ఉంటే అది పోసి, మళ్ళీ రెండు చేతులా చాపాడు. నాన్న తీసుకున్నాడు. బావ చప్పట కొట్టాడు. నాన్న చల్లారిన కోపి ఒక్క గుక్కలో తాగాడు. మూడు చప్పట్లు. అందరం కొట్టాం. పక్కింటావిడ తర్వాత అడిగింది, ఎవరిదైనా పుట్టినరోజా అని.

పెద్దత్త కావా తాగి పెదాలు తడుముకుంది. "ఒలమ్మ, మూతి ఎక్కడికెల్లిపోనాదిరా?" తర్వాత దాదాపు అరగంట ఆమె ఏమీ మాట్లాడలేదు. మా వంశంలో అలాంటిది ఎవరూ ఎరగరు.

అక్క గుమ్మంలో నుంచి లోపలికి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. చాప చివర కూర్చుని ఉంది. నాన్న ఆమె వైపు చూడకుండా, ఖాళీ చిప్ప లోపలికి చూస్తూ అన్నాడు:

"రేపటికి కేటరింగ్ వోడికి అన్నీ సెప్పీసినాను. మీ అమ్మకిష్టమైన నువ్వుల వంకాయ కూరొకటి సెప్పలేదు."

చిప్పని చేతిలో ఒకసారి తిప్పాడు.

"బయటోళ్ళు నువ్వులు మాడ్చీస్తారు," అన్నాడు మళ్ళీ.

"నన్నేనా వండమంటన్నావు?" అంది అక్క. ఆమె గొంతు మొద్దుబారడానికి కావా కారణం కాదు, అప్పటికింకా ఆమె తాగలేదు.

"మరి నన్నా? నాను వండితే మీ అమ్మ ఆకు వొగ్గీసి లేసెల్లిపోద్ది. రేపు బేగి రా."

మూడేళ్ళ యుద్ధానికి సంధి అదీ: ఒక వంకాయ కూర. అన్నం, సాంబారు, మిగతా నాలుగు రకాలూ కేటరింగ్‌వే వచ్చాయి. అక్క తెల్లవారే వచ్చి, అమ్మ కూర్చునే పీట మీద కూర్చుని, నువ్వులు వేయించింది. ఆకులో ఆ కూర ఒక్కటే ఆవిరి కక్కుతూ ఉంది. నాన్న ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏం చెప్పుకున్నాడో తెలియదు. నేను ఆయన వెనకే నిలబడి అమ్మతో ఒకటే చెప్పాను, ఫ్యాను రెండులోనే ఉందని.

ఇంతటితో ఆపితే బాగుండేది. కాని మంగళవారం పొద్దున నాన్న క్లాంగ్‌కి ఫోన్ చేశాడు. మూడేళ్ళలో ఆయన కూతురికి తనంతట తాను చేసిన మొదటి ఫోన్. నేను పక్కనే ఉన్నాను.

"సింకులో నీల్లు దిగతల్లేదు," అన్నాడు. "మీ ఆయన్ని గొట్టంలో పొడిచే ఇనప తీగ పట్టుకుని రమ్మను."

శనివారం బేసిన్ కడిగింది నేను. వడకట్టగా మిగిలిన పిప్పంతా సింకులో కుమ్మరించాను. బావ సాయంత్రం వచ్చి, కింద గొట్టం విప్పి, దోసెడు పీచు బయటికి లాగాడు. కావా పిప్పి నీళ్ళలో కరగదు, సింకులో పోయకూడదు, పేపరులో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మా వీధిలోకి చెత్త లారీ సోమవారం, గురువారం వస్తుంది.